ప్రత్యభిజ్ఞ: ఒక పాత వ్యాను

‘ఇది అదే’ అన్న వాక్యం లోకవ్యవహారంలో మిక్కిలి సులభమైనది. శాస్త్రవ్యవహారంలో మిక్కిలి కఠినమైనది. నైయాయికులు, బౌద్ధులు, వేదాంతులు శతాబ్దాల తరబడి ఈ వాక్యం చుట్టూనే పోరాడారు. నిన్న చూసిన కుండే ఈ కుండ అని మనం దేనిని ఆధారం చేసుకొని అంటున్నాము? రూపమా, ద్రవ్యమా, నామమా? కోరుట్లలోని ఒక మెకానిక్ షెడ్డులో ఈ ప్రశ్న మళ్ళీ తలెత్తింది. ఈసారి విచారణీయ పదార్థం కుండ కాదు, ఒక పాత వ్యాను.

రథం అనగానే కఠోపనిషత్తు గుర్తుకు రావడం సహజం. అక్కడ ఆత్మ రథికుడు, శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. అక్కడ రథం ఉపమానం. అది ఏ రథమన్న సందేహానికి చోటు లేదు. ఇక్కడ సందేహమంతా రథం గురించే.

ఆ వ్యాను మహీంద్రా ఎఫ్.సి. జాతికి చెందినది. అమెరికాలోని టొలీడో నగరంలో విల్లీస్ సంస్థ 1956 చివరలో జీపు ఛాసిస్ మీద ఈ నమూనాను ప్రవేశపెట్టింది. ఆ తరువాత బొంబాయిలో మహీంద్రా వారు దానిని స్వదేశంలో తయారు చేశారు. సారథి సరిగ్గా ముందు ఇరుసు మీద కూర్చుంటాడు; యంత్రం అతని ప్రక్కన, రేకు మూత క్రింద, వ్యాను లోపలే ఉంటుంది. కోరుట్ల కుటుంబం 1972లో కొన్నది కేవలం ఛాసిస్, యంత్రం, ముందు మొగం మాత్రమే. దాని మీద టేకు పక్కటెముకలు నిలిపి, రేకు తొడిగి, కిటికీలు కోసి వ్యానుగా మలచినవారు వడ్రంగులు, రేకుపనివారు. ఆ కాలంలో ఈ పద్ధతిలో వింత ఏమీ లేదు. నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రజారవాణా కూడా ఇట్టిదే: ఛాసిస్ స్కాట్లండు ఆల్బియన్ కంపెనీది, దేహాన్ని కట్టింది మరొక చేయి. బస్సు దేహం శిథిలమైతే అదే ఛాసిస్ మీద క్రొత్త దేహం కట్టేవారు. బస్సు సంఖ్య మారేది కాదు. వస్త్రాలు మారినా దేహి మారడన్న గీతావాక్యార్థానికి రవాణాశాఖ ఇచ్చిన వ్యాఖ్యానమిది అనవచ్చు.

కోరుట్ల వ్యాను కథ దీనికి విలోమం. దీని దేహం నిలిచింది, ఆధారం చచ్చింది.

దాని యజమాని ఇప్పుడు ఎనభై దాటిన వృద్ధుడు. ముప్పై ఏళ్ళు ఆయన సిరిసిల్ల మరమగ్గాల నుంచి బట్ట తానులు ఎత్తుకొని వేములవాడ, చందుర్తి, రుద్రంగి, కథలాపూర్ మీదుగా కోరుట్లకు, అక్కడి నుంచి జగిత్యాల దుకాణాలకు చేరవేశాడు. పెళ్ళిళ్ళ కాలంలో తానుల స్థానంలో మనుషులు. రాజన్న మొక్కుకు పోయే కుటుంబాల కోడెను సైతం ఒకసారి ఆ వ్యానులోనే ఎక్కించాడని బంధువులు ఇప్పటికీ నవ్వుకుంటారు. నీటికాసుల వ్యాధి ఆయన చూపును క్రమంగా హరించింది. ఇప్పుడు వెలుగునీడలు తప్ప మరేమీ తెలియవు. పదిహేనేళ్ళుగా వ్యాను పెరట్లో చింతచెట్టు క్రింద ఉన్నది. ఆయన సాయంకాలం వెళ్ళి దాని తలుపు మీద చేయి ఉంచి కొంతసేపు నిలబడి వస్తాడు.

కుమారుడు గల్ఫులో ఇరవై ఏళ్ళు వాహనాలు బాగుచేసి తిరిగివచ్చినవాడు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లో ఇట్టివారు వీధికొకరు దొరుకుతారు. ఇసుకలో దిగబడిన బండి చక్రాల గాలి తగ్గించి, నాలుగు చక్రాలకూ శక్తిని పంపి బయటికి తీయడం అతనికి నిత్యకృత్యం. జగిత్యాల దగ్గర కుటుంబానికి ఒక మామిడితోట ఉన్నది. కాయ దిగే ఋతువు చివరికి తొలకరి వస్తుంది. ఆ బాటలో రెండు చక్రాల ఊపు సరిపోదు. తండ్రి వ్యానును నాలుగు చక్రాల బండిగా, అంటే నాలుగూ లాగే బండిగా మార్చి, తండ్రినే అందులో కూర్చోబెట్టి తోటకు తీసుకుపోవాలన్నది అతని సంకల్పం. తండ్రి చూపు పూర్తిగా పోకముందే అన్న తొందర కూడా దానిలో ఉన్నది. పోయిన చూపు ఆ వ్యాధిలో తిరిగిరాదు.

మేస్త్రీ వ్యాను క్రింద పడుకొని స్క్రూడ్రైవరుతో ఛాసిస్ దూలాన్ని పొడిచాడు. అది కాగితంలోకి దిగినట్టు దిగింది. లోపలి నుంచి తుప్పు తిన్నది. “అన్నా, పైన బండి ఉన్నది, కింద లేదు” అన్నాడు.

సైన్యం వేలంలో వదిలించుకున్న ఒక టన్ను నిస్సాన్ ట్రక్కు దొరికింది. జబల్పూర్ వాహన కర్మాగారంలో పుట్టిన నాలుగు చక్రాల బండి అది. దూలాలు దృఢం, ఇరుసులు దృఢం. ఆరు సిలిండర్ల పెట్రోలు యంత్రానికి దాహం మాత్రం అపారం. వ్యాను దేహాన్ని ఎత్తి దీని మీద ఉంచాలి.

ఎత్తిన రోజు షెడ్డులో పదిమంది చేరారు. దేహాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచిన బోల్టులు, రబ్బరు మెత్తలు విప్పి, ఇనుప దూలానికి వ్రేలాడదీసిన చైన్ పుల్లీతో నాలుగు టేకు పక్కటెముకలను పట్టి లాగారు. పట్టింది నాలుగు కొయ్యలను. లేచింది మొత్తం వ్యాను. కిటికీలు, పైకప్పు, వెనుక తలుపు, ఎప్పుడో అంటించిన ధర్మపురి నరసింహస్వామి పటం, అన్నీ ఒక్కసారిగా గాలిలోకి లేచాయి.

అక్షపాద గౌతముడు న్యాయసూత్రాలలో అవయవిని సాధించడానికి చెప్పిన హేతువులలో ఒకటి సరిగ్గా ఇదే. వస్తువు కేవలం అవయవాల కుప్ప అయితే ఒక కొసను పట్టుకొన్నప్పుడు తక్కినది ఎందుకు నిలుస్తుంది, ఒక కొసను లాగినప్పుడు తక్కినది ఎందుకు కదులుతుంది? ధారణాకర్షణలు కనబడుతున్నాయి కనుక భాగాలకంటె భిన్నమైన ‘అవయవి’ ఒకటి ఉండి తీరాలి. నాగసేన భిక్షువు మిలింద మహారాజుతో ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు, రథమన్నది వ్యవహారనామమే అని వాదించాడన్నది ప్రసిద్ధం. ఆ భిక్షువును చైన్ పుల్లీ దగ్గర నిలబెట్టి ఉంటే నైయాయికునికి కొంత బలం చేకూరేది. కొంతే. ఎందుకంటే దేహం పైకి లేస్తుండగా ఎడమ ప్రక్క అడుగుపట్టీ మూరెడు పొడవున ఊడి నేల మీద పడింది. అది అవయవికి చెప్పకుండానే విడిపోయింది.

పడిన ఆ ముక్క న్యాయవైశేషికులకు చిన్న విషయం కాదు. వారి సిద్ధాంతంలో ఒక అవయవం తొలగితే పూర్వపు అవయవి నశిస్తుంది. మిగిలిన భాగాల నుంచి క్రొత్త అవయవి పుడుతుంది. బట్టలోంచి ఒక్క దారం తీసినా పాత పటం పోయి ‘ఖండపటం’ అనే వేరొక ద్రవ్యం ఉత్పన్నమైనట్టే. ఆ లెక్కన కోరుట్ల వ్యాను చింతచెట్టు క్రింద తుప్పు రాలిన ప్రతి దినమూ చచ్చి పుట్టింది. తర్కం నిర్దుష్టమే కావచ్చు. కాని ప్రతి సాయంకాలమూ ఒక క్రొత్త వ్యాను మీద చేయి వేస్తున్నానని ఆ వృద్ధునికి చెప్పగల ధైర్యం ఏ తార్కికునికి ఉంటుంది?

దారము, బట్ట అనే ఈ దృష్టాంతం సిరిసిల్లలో దృష్టాంతం కాదు, జీవనం. అన్నంభట్టు తర్కసంగ్రహంలో పటానికి తంతువులు సమవాయికారణం, తంతుసంయోగం అసమవాయికారణం, మగ్గపు పనిముట్లు మొదలైనవి నిమిత్తకారణం. సీట్లకు బట్ట కోసం కుమారుడు సిరిసిల్ల వెళ్ళి తండ్రి పాత స్నేహితుడైన ఒక నేత కార్మికుని కలిశాడు. ఛాసిస్ మారుస్తున్న సంగతి చెప్పి, బాపు దానిని తన బండి అని ఒప్పుకుంటాడో లేదో అని సంకోచం వెల్లడించాడు. ఆ వృద్ధుడు అప్పుడు పని మీదనే ఉన్నాడు. బీము అయిపోయింది, అయిపోయిన పడుగు కొసలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతున్నాడు. వేళ్ళు ఆపకుండానే అన్నాడు: “పాత పడుగు గీడికి అయిపాయె, కొత్తది గీడ మొదలు. మగ్గం ఆగదు, అచ్చు మారది, నేసేది గదే బట్ట. నీ బాపుకు గిది నేను చెప్పాల్నా? నలభై ఏండ్ల సంది చూస్తుండె.”

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యంలో ఆరంభవాదాన్ని ఖండిస్తూ ఎత్తుకొన్నదీ పటదృష్టాంతమే. చుట్టిపెట్టిన బట్ట ఎంత పొడవో, ఎంత వెడల్పో తెలియదు. విప్పి పరిస్తే తెలుస్తుంది. అంతమాత్రాన అది మరొక బట్ట కాలేదు. నేత కార్మికుడు భాష్యం చదివి ఉండడు. భాష్యకారులు మగ్గం చూసి ఉంటారు.

షెడ్డులో పని మూడు నెలలు సాగింది. వ్యాను ఛాసిస్‌కంటె ట్రక్కు ఛాసిస్ పొడవు; వెనుక మిగిలిన దూలాన్ని కోయకుండా దాని మీద సామాను వేసే చెక్కతొట్టి కట్టారు. అసలు చిక్కు ముందు వచ్చింది. ట్రక్కుకు యంత్రం బానెట్టు క్రింద, సారథికి ముందు ఉంటుంది. వ్యానులో సారథి యంత్రం ప్రక్కన కూర్చోవాలి. ఇరుసు మీదికి దేహాన్ని జరిపితే ఆరు సిలిండర్ల యంత్రం రెండవ వరుస సీట్ల వరకు చొచ్చుకువచ్చింది. మూత పొడవు రెట్టింపయింది. చిన్ననాడు కుమారుడు ఆ మూత మీదే, మడిచిన గోనెసంచి వేసుకొని, తండ్రికీ తల్లికీ మధ్య కూర్చొని వేములవాడ వెళ్ళేవాడు. క్రొత్త మూత మీద ముగ్గురు పిల్లలు కూర్చోవచ్చు. కాని తల్లి ఇప్పుడు లేదు. స్టీరింగు దండం దాదాపు నిలువుగా నిలబడింది. దానికి రెండు చోట్ల కీలు వేయవలసి వచ్చింది.

నాలుగు చక్రాల శక్తిని గురించి ఒక మాట చెప్పాలి, లోకంలో దీనిపై భ్రమ ఎక్కువ. గేర్‌బాక్సు వెనుక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు యంత్రబలాన్ని ముందు ఇరుసుకూ, వెనుక ఇరుసుకూ పంచుతుంది. ఇట్టి ట్రక్కులలో ఆ పంపకం కఠినమైనది; రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. కాని మలుపులో ముందు చక్రాలు నడిచే దూరం వేరు, వెనుక చక్రాలు నడిచే దూరం వేరు. బురదలో చక్రం కొద్దిగా జారి ఆ తేడాను తనలోనే సర్దుకుంటుంది. ఎండిన తారురోడ్డు మీద జారే వీలు లేదు. షాఫ్టులు మెలిపడి, టైర్లు అరిగి, చివరికి పళ్ళు విరుగుతాయి. కనుక గట్టి నేల మీద ముందు ఇరుసును విడిపించాలి. రెండు ఇరుసుల పళ్ళ నిష్పత్తి ఒకటే ఉండాలి, నాలుగు టైర్ల చుట్టుకొలత ఒకటే ఉండాలి. పాత వ్యాను ఇరుసును ఒకవైపు ఉంచి ట్రక్కు ఇరుసును మరొకవైపు వేద్దామని మొదట ఎవరో సూచిస్తే మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడు. అందుచేత వ్యాను నుంచి క్రింది భాగంలో ఒక్క బోల్టు కూడా నిలవలేదు.

బ్రేకుల జోలికి మాత్రం మేస్త్రీ ఎవరినీ రానివ్వలేదు. ట్రక్కు బ్రేకులు ట్రక్కువే ఉండాలి, కొత్తవి వేయాలి, తూకం తెలిసిన తరువాతే బండి కదలాలి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన తరువాత, ఆ చుట్టుప్రక్కల వాలు, బరువు అనే మాటలను ఎవరూ తేలికగా పలకరు.

ఇంతలో ధర్మసంకటం ఎదురయింది.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన లక్షణాలకు భిన్నంగా రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారేటట్టు వాహనాన్ని యజమాని మార్చరాదు. కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని స్పష్టంగా సమర్థించింది. 2021 జూలైలో కేంద్రం పురాతన వాహనాలకు ప్రత్యేక నియమాలు చేసి, యాభై ఏళ్ళు దాటిన వాటికి ‘వి.ఏ.’ అక్షరాలతో వేరు సంఖ్యాశ్రేణిని కల్పించింది. 1972 నాటి వ్యాను వయస్సు చేత దానికి అర్హమే. కాని ఛాసిస్, దేహం, యంత్రం మూలరూపంలో ఉండాలన్నది అక్కడి నియమం. చట్టం దృష్టిలో వాహనం యొక్క ఆత్మ ఛాసిస్ మీద కొట్టిన సంఖ్యలో ఉన్నది. తండ్రి వ్యాను సంఖ్య తుప్పుపట్టిన దూలం మీద షెడ్డు మూలన పడి ఉన్నది. పైనున్న దేహం ఇప్పుడు ఒక సైనిక ట్రక్కుకు చెందిన ఆచ్ఛాదనం మాత్రమే.

ఒక దళారి వచ్చి సులభోపాయం చెప్పాడు. పాత దూలంలో సంఖ్య ఉన్న జానెడు ముక్కను కోసి, ట్రక్కు దూలం మీద సంఖ్య ఉన్న చోట అతికి, రంగు వేస్తే చాలు. పత్రాలలో అదే బండి, అదే యజమాని, అదే పేరు. “మీ బాపు పేరు పోకుండ ఉంటది సేటూ” అన్నాడు. కుమారుని బలహీనత ఎక్కడున్నదో అతనికి బాగా తెలుసు.

కుమారుడు రెండు రాత్రులు నిద్రపోలేదు. అతని వాదన తోసివేయదగినది కాదు. సిరిసిల్ల నేతగాని మాట నిజమైతే, శాంకరభాష్యం నిజమైతే, ఇది అదే వ్యాను. అదే అయిన వ్యానుకు ఆ సంఖ్యనే ఇవ్వడం అసత్యం ఎలా అవుతుంది? పరమార్థంలో సత్యమైనది వ్యవహారంలో మోసం కాగలదా? వేదాంతాన్ని అరకొరగా విన్నవారు సరిగ్గా ఇక్కడే జారిపడతారు. వ్యావహారిక సత్యాన్ని పారమార్థికం పేరిట ఉల్లంఘించే అధికారాన్ని శంకరులు ఎవరికీ ఇవ్వలేదు. తత్త్వజ్ఞానం కలిగేవరకు ప్రమాణవ్యవహారమంతా యథాతథంగా నిలుస్తుందనే ఆయన మతం. తత్త్వజ్ఞానం కోరుట్ల షెడ్డులో ఎవరికీ కలగలేదు.

మూడవ నాడు తండ్రితో చెప్పాడు. ఆయన చాలాసేపు ఊరకున్నాడు.

“గా నంబరు గా ఇనుముది” అన్నాడు చివరికి. “ఈ ఇనుముకు దాని నంబరు దానికున్నది. పటాలంల చాకిరి జేసిన బండి, దాని పేరు మనమెట్ల కొడ్తం?”

“మరి నీ పేరు, బాపూ?”

“నా పేరుతోని బండి నడిచిందా కొడుకా? డీజిల్ లేని కాలంల పెట్రోల్‌తోని నడిచింది. వాణ్ని పొమ్మను.”

తండ్రి మాటలో ఒక అపూర్వమైన వివేకం ఉన్నది. కుమారుడు పోతుందని భయపడిన పేరును ఆయన ఎన్నడో వదిలేశాడు. వదలనిది మరొకటి. ‘ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు’ అన్న వాక్యంలో ఆనాటి దేశకాలాలను, ఈనాటి దేశకాలాలను విడిచి, ఉభయత్రా ఉన్న వ్యక్తిని మాత్రమే గ్రహించాలని అద్వైతులు చెబుతారు. దీనికే భాగత్యాగలక్షణ అని పేరు. విడువవలసిన భాగం ఏదో తెలియక, విడువరానిదానిని కోసి అతికించబోవడమే దళారి ఉపాయం. కోరుట్లవారికి దేశకాలాల త్యాగం క్రొత్తదీ కాదు. ఆ వ్యాను మొదట నమోదైనప్పుడు మూడు ఊళ్ళూ ఆంధ్రప్రదేశ్‌లోని కరీంనగర్ జిల్లావి. 2014లో రాష్ట్రం మారింది; 2016లో కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి పోయింది, సిరిసిల్ల వేరు జిల్లా అయింది; 2024లో వాహనాల పలకల మీది ‘టి.ఎస్.’ సైతం ‘టి.జి.’ అయింది. ఊళ్ళు ఉన్నచోటనే ఉన్నాయి.

చట్టంలోని 55వ సెక్షను వారికి ఋజుమార్గం చూపింది. వాహనం ధ్వంసమైతే, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోతే, యజమాని ఆ సంగతి తెలిపి రిజిస్ట్రేషను పత్రాన్ని అప్పగించాలి. ఇక పైదేహం రోడ్డెక్కదు. కంచె వేసి ద్వారం బిగించిన తోటలోనే తిరుగుతుంది. ఆవరణలో మాత్రమే వాడటానికి అనువుగా మలచిన ప్రత్యేక వాహనాన్ని చట్టం ‘మోటారు వాహనం’ అన్న నిర్వచనం నుంచే మినహాయించింది. ఆ మినహాయింపు దీనికి ఎంతవరకు వర్తిస్తుందో న్యాయవాదులు వాదించుకోవచ్చు. వర్తిస్తే మాత్రం అది ఆ వ్యానూ కాదు, ఈ ట్రక్కూ కాదు, అసలు వాహనమే కాదు. అద్వైతుల అనిర్వచనీయఖ్యాతికి రవాణా కార్యాలయంలో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

జగిత్యాల కార్యాలయంలో గుమాస్తా కాగితం చదివి వినిపించాడు: ఫలానా సంఖ్య గల వ్యాను ఇక లేదు. వృద్ధుడు తడుముకొని సంతకం చేశాడు.

అదే సాయంకాలం ఆయనను తోటకు తీసుకువెళ్ళారు. అప్పుడే వాన వెలిసింది. వ్యాను అంతకు ముందురోజే లారీ మీద ఎక్కి అక్కడికి చేరి ఉన్నది. ఎత్తు పెరిగినందున ఎక్కడానికి ఒక కొయ్యమెట్టు పెట్టారు. ఆయన సారథి ప్రక్క తలుపు వరకు నడిచి, రేకు మీద అరచేయి ఆనించి, మెల్లగా క్రిందికి జార్చి పిడి దగ్గర ఆపాడు. యంత్రం శబ్దం వేరు, ఎత్తు వేరు, పెట్రోలు వాసన కూడా వేరే. ఆయన వాటిని పట్టించుకోలేదు. ఎక్కి కూర్చొని తలుపు వేయబోయాడు.

ఆ తలుపు కీలు అరిగి నలభై ఏళ్ళుగా అంగుళం మేర క్రిందికి వ్రాలి ఉండేది. దానిని కొద్దిగా పైకెత్తి లోపలికి లాగితేనే పడేది. ఆయన చేయి అలవాటు చొప్పున పైకెత్తింది. తలుపు అంచు పై చట్రానికి కొట్టుకొని వెనుకకు తెరుచుకున్నది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ కొట్టుకున్నది. ఛాసిస్ మారిందని చెప్పినప్పుడు చలించని ముఖం అప్పుడు మారింది.

“దీన్ని ఎవలు బాగు జేసిండ్రు?” అని అడిగాడు.

మేస్త్రీ గర్వంగా ముందుకు రాబోయి ఆగిపోయాడు. తనకు ఎవరూ చెప్పకపోయినా ఆ కీలును అతడే స్వయంగా మార్చాడు. కుమారుడు ఏమీ అనక సంచి తెరిచి పాత కీలు మేకుల కోసం వెదకసాగాడు. దొరికాక ఇద్దరూ తలుపు విప్పి, పానాతో కొత్తవి ఊడదీసి, అరిగినవి తిరిగి ఎక్కించారు. వృద్ధుడు సీటులోనే కూర్చొని, చీకటి పడేవరకు, చేయి తలుపు పిడి మీద ఉంచి వేచి ఉన్నాడు.